యలమంద కోలలు

1962 జూన్ నెల. గుంటూరు నుంచి ఒంగోలు పోయే రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఒక కుష్ఠు ఆసుపత్రి. దాని వెనకాల రేకుల షెడ్డు. ఆ రోజు ఉదయం షెడ్డులో ఉన్న సామాను: ఒక మూల చితికిన క్యారంబోర్డు, వామనగుంటల పీట, డబ్బాడు చింతగింజలు, గాలి నిలవని ఫుట్‌బాలు, బ్యాటరీ అయిపోయిన రేడియో, మైనం కరిగించే గిన్నె, ప్లాస్టర్ కట్టు కోసే కత్తెర. ఉన్న మనుషులు: చీరాల నుంచి వచ్చి మా దగ్గర చికిత్స పొందుతున్న నేతగాడు ఒకాయన, ఆయనతో క్యారమ్స్ ఆడుతూ ఓడిపోతున్న ఇద్దరు, నేను. గుమ్మం బయట, లోపలికి రానని నిలబడి ఉన్న యలమంద.

నా పని గురించి ముందు రెండు మాటలు చెప్పాలి. నేను చదివింది మెకానికల్ డిప్లొమా. చేతులకు కట్టే స్ప్లింట్లు, అంటే వేళ్లను సరైన వంపులో నిలబెట్టే బద్దలు, తయారుచెయ్యడానికి నన్ను ఈ ఆసుపత్రిలో తీసుకున్నారు. తర్వాత దక్షిణాదిన ఒక పెద్ద ఆసుపత్రికి శిక్షణకు పంపారు. అక్కడ నేర్పినవాటిలో ఒకటి రిక్రియేషన్ థెరపీ. ఆటపాటల ద్వారా చేసే వైద్యం అని చెప్పుకోవచ్చు. రోగి తీరిక వేళల్లో ఇష్టంగా ఏం చేసేవాడో కనుక్కుని, దాన్నే తిరిగి చేసేలా అతని చేతినీ మనసునీ సిద్ధం చెయ్యడం ఆ పని. ఇది ఉద్యోగమని ఎవరికీ నమ్మకం కుదరదు. మా నాన్నగారు ఇప్పటికీ, "నిన్ను ఇంజనీరింగు చదివించింది ముసలాళ్ల చేత గచ్చకాయలు ఆడించడానికట్రా?" అంటారు. రోగులు నన్ను ఆటల మేష్టారు అంటారు. మొదట్లో చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు అలవాటైంది.

"ఇదేంది, బడా?" అన్నాడు యలమంద గుమ్మం బయటి నుంచే.

"కాదండీ. ఆసుపత్రిలో ఇదీ ఒక వార్డు లాంటిదే."

"పెద్దపెద్దోళ్లు బిళ్లలాట ఆడుతున్నారే!"

చీరాలాయన తలెత్తకుండానే అన్నాడు: "రావయ్యా రా. ఇక్కడ ఓడిపోయినా పొలం రాసివ్వక్కర్లేదు."

యలమందది పర్చూరు వైపు నల్లరేగడి ఊరు. ముప్పై నాలుగేళ్ల వయసు. రెండెకరాల మిరప, ఎకరంన్నర పత్తి. పెద్దరోగమని తేలి అయిదేళ్లైంది; ఊరికి తెలిసింది మాత్రం చెయ్యి పూర్తిగా ముడుచుకున్నాకే. మాత్రలు క్రమం తప్పకుండా మింగాడు. చర్మం మీద నుంచి తీసి పరీక్షించిన నమూనాల్లో వరసగా క్రిములు లేవని తేలింది. దాన్ని మేము నెగటివ్ అంటాం. ఆ మాటకి అర్థం, ఇతని నుంచి ఇంకొకరికి జబ్బు అంటదని. కానీ జబ్బు పోయేముందు నరాలను తినిపోయింది. కుడిచెయ్యి క్లా హ్యాండ్ అయింది. వేళ్లు మొదటి కణుపు దగ్గర వెనక్కి వాలి, మిగతా కణుపుల దగ్గర ముందుకు ముడుచుకుపోయి, చెయ్యి కొక్కెంలా తయారవుతుంది. వేళ్లకు స్పర్శ ఉండదు.

ఆపరేషన్ చేస్తే వేళ్లు బాగవుతాయని మా డాక్టరుగారు చెప్పారు. యలమంద ఒప్పుకోలేదు.

"ఏళ్లు నిటారైతే నాకేమొచ్చిద్దండీ? ఈ చేత్తోనే నాగలి పడతన్నా. తోటకి నీళ్లు కడతన్నా. ముద్ద నోట్లోకి పోతంది. మీరు కోసి, అదీ ఇదీ కాకుండా పోతే?"

అతను చెప్పింది అబద్ధం కాదు. నాగలి మేడి పట్టడానికి కొక్కెం చాలు. డాక్టరుగారు నా వైపు చూశారు. ఇలాంటప్పుడు ఒక ప్రశ్న అడగమని నాకు శిక్షణలో నేర్పారు.

"పని లేనప్పుడు ఏం చేసేవారండీ?" అన్నాను.

యలమంద ఎడమచేత్తో కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటీ లాగి నిటారు చేశాడు. వదలగానే అవి మళ్లీ ముడుచుకున్నాయి.

"కోలాటం ఆడేవాణ్ణండీ. పదేళ్లప్పటి నుంచి. మూడేళ్ల కింద నవమికి కోల చేతిలోంచి ఎగిరిపోయి హారతి పళ్లెంలో పడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. ఆ తర్వాత ఇంక పోలా." డాక్టరుగారి వైపు తిరిగి అడిగాడు: "కోల పట్టుకోటం వచ్చిద్దా? అదొక్కటి చెప్పండి. మిగతావి నాకొద్దు."

"వస్తుంది" అన్నారు డాక్టరుగారు.

"అయితే కొయ్యండి."

అలా మొదలైంది. నాగలి కోసం ఒప్పుకోని మనిషి మూరెడు కర్ర కోసం కత్తికి ఒప్పుకున్నాడు. నా వృత్తి ఎందుకున్నదో ఆ రోజు నాకు పుస్తకం కన్నా బాగా తెలిసింది. అందుకే ఈ కేసు మీద మొదటినుంచీ నాకు అభిమానం ఎక్కువ. అభిమానం ఎక్కువైనచోట చూపు కాస్త ఇరుకవుతుందేమో. చేతిని తప్ప నేనింక దేన్నీ చూడలేదు.

చేసింది టెండన్ ట్రాన్స్‌ఫర్. బాగా పనిచేస్తున్న కండరం చివర తాడులా ఉండే స్నాయువును విడదీసి, పని మానేసిన వేళ్లకు కలిపి కుడతారు. మూడు వారాలు ప్లాస్టర్ కట్టులో ఉంచుతారు. కట్టు విప్పాక నా వంతు. నిన్నటిదాకా వేరే పని చేసిన స్నాయువుకు ఇవాళ్టి నుంచి వేళ్లు వంచడం నేర్పాలి. "వేలు వంచు" అని చెబితే రోగి ఒళ్లంతా బిగబట్టి, తప్పు కండరాన్ని లాగుతాడు. అదే చేతికి ఒక ఆట ఇస్తే, మనసు ఆట మీద ఉంటుంది, చెయ్యి తన దారి తను వెతుక్కుంటుంది. దీన్ని రీ-ఎడ్యుకేషన్ అంటాం.

కట్టులో ఉన్న రోజుల్లోనే బాపయ్య వచ్చాడు.

బాపయ్య యలమందకు కోలాటంలో జోడీ. కోలాటంలో ఎవరికి వారు ఆడటానికి వీల్లేదు. వలయంగా నిలబడి, ఇద్దరిద్దరు ఎదురెదురుగా తిరిగి, నా కోల నీ కోలకు తగలాలి, నీ కోల నాదానికి తగలాలి. ఎదుటివాడు లేకపోతే నీ కోల గాలిలో ఊగుతుంది, అంతే. పాట నడిచేకొద్దీ జోడీలు మారుతుంటాయి. ఒక్కో అల్లికను కోపు అంటారు. ఒక కోపు పూర్తయ్యేసరికి వలయంలో ప్రతివాడి కోలా మిగతా అందరి కోలలకూ తగిలి, మళ్లీ మొదటి జోడీ దగ్గరకు చేరుతుంది. వలయం మధ్యలో గురువు నిలబడి, తాళాలు వాయిస్తూ పాట ఎత్తుకుంటాడు.

బాపయ్య ఆసుపత్రి గేటు బయట నిలబడి అరిచాడు: "ఒరేయ్ యలమందా! ఏందిరా చేతికా సున్నం? ఇంటికి వెల్ల వేయించుకోమంటే చేతికి వేయించుకున్నావా?"

యలమంద మొహం వెలిగిపోయింది. గబగబా గేటు దాకా పోయాడు. గేటుకు ఇవతల ఇతను, అవతల అతను. గంటసేపు మాట్లాడుకున్నారు. మిరపకు తెగులు పట్టింది, ఎవరి గేదె ఈనింది, గురువు రాఘవయ్యగారికి దగ్గు తగ్గలేదు.

"నా చోట్లో ఎవడాడుతున్నాడురా?" అని అడిగాడు యలమంద.

"ఎవడున్నాడురా? పదహారుమందికి పదిహేనుమందిమే. గురువుగారే మధ్యలోంచి దిగి నాకు కోల అందిస్తన్నాడు. ముసలాడు, దెబ్బకో దగ్గు దగ్గుతున్నాడు. నువ్వు తొందరగా రారా నాయనా."

ఆ మాటకి యలమంద కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. బాపయ్య సంచిలోంచి ఒక జత కోలలు తీశాడు. చండ్రకర్రవి, పట్టు దగ్గర చేతి మడ్డికి నల్లబడి ఉన్నాయి. యలమంద పాత కోలలే. వాటిని ప్రహరీగోడ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, "తీసుకోరా" అన్నాడు. యలమంద ఎడమచేత్తో తీసుకున్నాడు. నేను మజ్జిగ తెప్పిస్తానంటే, "వద్దండీ, ఇప్పుడే తాగొచ్చా" అన్నాడు బాపయ్య. ఆ ఎండలో ఏడుమైళ్లు నడిచి వచ్చిన మనిషి. నేను దాని గురించి ఏమీ అనుకోలేదు. మొహమాటం అనుకున్నాను.

కట్టు విప్పాం. మొదట వామనగుంటలు. చింతగింజను బొటనవేలికీ నిటారుగా ఉన్న మిగతా వేళ్లకీ మధ్య పట్టి తీయడం, కొత్త స్నాయువుకు కావలసిన కదలిక అదే.

"ఆడోళ్ల ఆట నాకెందుకండీ?" అన్నాడు.

"ముందు చీరాలాయన్ని గెలవండి, తర్వాత మాట్లాడదాం."

"నన్నా? ఈ జన్మకా?" అన్నాడు చీరాలాయన. రెండువారాలు యలమంద ఓడిపోయాడు. ఓడినప్పుడల్లా చీరాలాయన, "మిరపకాయ ఘాటు ఇంతేనా?" అనేవాడు. మూడోవారం గెలిచాడు. ఆ రోజు వేళ్లు నిటారుగా ఉండగానే మొదటి కణుపు దగ్గర చక్కగా వంగుతున్నాయని, గెలిచిన సంతోషంలో ఉన్న యలమందకు తెలియనే లేదు. నాకు తెలిసింది.

తర్వాత కోలలు. ఇక్కడొక చిక్కు వచ్చింది. వేళ్లు వంగుతున్నాయి గాని, వాటికి స్పర్శ రాదు. ఆపరేషన్ కదలికను ఇస్తుంది, స్పర్శను ఇవ్వదు. స్పర్శ లేని చెయ్యి తానెంత గట్టిగా పట్టుకుందో తెలుసుకోలేదు. జారిపోతుందన్న భయంతో బిగించేస్తుంది. బిగిస్తే రెండు నష్టాలు. ఒకటి, అరచేతిలో బొబ్బలెక్కి, నొప్పి తెలియక, పుండవుతుంది. రెండోది యలమందే చెప్పాడు: "బిగబడితే కోల మోగదండీ. చచ్చిన దెబ్బ పడిద్ది."

మొదటి నష్టానికి నేను పట్టు దగ్గర సైకిలు ట్యూబు ముక్క చుట్టాను. ప్రతి సాధన తర్వాతా అరచెయ్యి చూపించాలని నియమం పెట్టాను. రెండోదానికి అతని మాటే మందు అయింది. వదులుగా పట్టిన కోల ఖంగున మోగుతుంది. బిగించిన కోల టప్పుమంటుంది. చెయ్యి చెప్పలేనిది చెవి చెబుతుంది గదా అనుకున్నాం. కళ్లు మూసుకుని కొట్టడం, చప్పుడు విని పట్టు సడలించడం. సాధన అదే.

ఎదురుగా నిలబడి కొట్టడానికి మనిషి కావాలి. అది నేనే.

"మేష్టారూ, మీరు నా కోలని కొట్టాలి, నా ముక్కుని కాదు."

"సారీ అండీ."

"అడుగు చూసుకోండి. అడుగు తప్పితే కోల తప్పిద్ది. మా ఊళ్లో ఎనిమిదేళ్ల పిల్లలు మీకన్నా నయం."

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వేవారు. నాకు మూడు కోపులు నేర్పాడు. చివరగా ఇంకొకటి చెప్పాడు. దాన్ని వాళ్ల ఊళ్లో గురువు కోపు అంటారట. మంగళం పాడేముందు గురువు తాళాలు పక్కన పెట్టి, కోలలు పట్టుకుని మధ్యలోంచి బయటికి వస్తాడు. వలయం చుట్టూ నడుస్తూ ఒక్కొక్కడి ఎదుటా నిలబడి ఒక్క దెబ్బ అందుకుంటాడు. పదహారుమందీ ఒక్కొక్క దెబ్బ. అది గురువుకు దండం. అది అయితేనే కోలాటం ముగిసినట్టు.

"రాఘవయ్యగారు నా దగ్గరికొచ్చేసరికి, 'మోగించరా యలమందా' అనేవాడండీ. నా కోల మోత పక్క ఊరికి వినపడిద్దని ఆయన మాట."

ఫిబ్రవరికల్లా షెడ్డులో ఆ మోత వినిపించింది. డాక్టరుగారు తన గదిలోంచి లేచి వచ్చి, గుమ్మంలో నిలబడి విన్నారు. పదిదెబ్బల్లో పదీ మోగాయి. వేళ్ల వంపులు గోనియోమీటరుతో కొలిచాను. కణుపు ఎంత కోణంలో వంగుతుందో చూసే కొలబద్ద అది. అన్నీ మేమనుకున్నదానికన్నా మెరుగ్గా ఉన్నాయి. యలమందను ఇంటికి పంపేశాం. పోతూ పోతూ, "నవమికి రావాలండీ. నా కోల మీరు చూడాలి. మీరు జోడీగా ఉన్నప్పుడు నా ఆట మీకు కనపళ్లా, మీ తిప్పలు మీకే సరిపోయినయి" అన్నాడు.

వెళ్లాను. 1963 శ్రీరామనవమి. పర్చూరులో బస్సు దిగి, అక్కడి నుంచి బండిలో. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బండివాడూ నేనూ తుమ్ముకుంటూ వెళ్లాం. ఊళ్లోకి చేరేసరికి ఉదయం తొమ్మిది. రామాలయం ముందు పందిరి, ఊరేగింపుకి పల్లకీ సిద్ధం, జనం. యలమంద కొత్త పంచె కట్టుకుని ఎదురొచ్చాడు. నడుముకి కట్టిన తువ్వాల్లో కోలలు దోపుకుని ఉన్నాడు. చెయ్యి చాచి, వేళ్లు వంచి, మళ్లీ నిటారు చేసి చూపించాడు.

"బొబ్బలు?" అన్నాను.

"ఒక్కటి లేదు. రోజూ చూసుకుంటన్నా."

రాఘవయ్యగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మా వాడి చెయ్యి నిలబెట్టారు బాబూ. పుణ్యం మీది" అన్నారు. తర్వాత లేచి, చేతికర్ర నేల మీద తట్టి, అందరికీ వినపడేలా చెప్పారు: "నాకు ఊపిరి చాలడం లేదు. ఈ ఏడు నుంచి గురువు నేను కాదు. తాళాలు యలమందకు ఇస్తున్నా. పాటలన్నీ వచ్చినవాడు, గొంతున్నవాడు. ఊరు మెచ్చినవాడు. ఏమంటారు?"

"బాగుంది! బాగుంది!" అన్నారు అందరూ. బాపయ్య అందరికన్నా గట్టిగా అన్నాడు. రాఘవయ్యగారు తాళాలను కొత్త గుడ్డలో చుట్టి, పళ్లెంలో పెట్టి, యలమంద ముందు ఉంచారు. యలమంద వంగి తీసుకున్నాడు. కళ్లు నేల మీదే ఉన్నాయి. నాకు ఒళ్లు పులకరించింది. కోల జారిపోయి నవ్వులపాలైన మనిషిని ఊరు గురువుని చేసింది. మా ఆసుపత్రి చరిత్రలో ఇలాంటిది లేదు. డాక్టరుగారికి ఏ మాటల్లో చెప్పాలా అని అప్పుడే అనుకుంటున్నాను.

వలయం కట్టారు. బాపయ్య ఎదుట ఒక కొత్త కుర్రాడు నిలబడ్డాడు. లెక్కపెట్టాను, పదహారుమంది సరిపోయారు. మధ్యలో యలమంద. పాట ఎత్తుకున్నాడు. నిజంగా గొంతుంది. తాళాలు ఆ వేళ్ల మధ్య చక్కగా మోగాయి. కోపు తర్వాత కోపు. కోలలు అతని చుట్టూ తిరుగుతున్నాయి, తగులుతున్నాయి, మోగుతున్నాయి. అతని కోలలు నడుము దగ్గర తువ్వాల్లోనే ఉన్నాయి.

అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు. గురువు కోపు ఉంది గదా అనుకున్నాను. జోడీగా ఆడితే వంతు వచ్చినప్పుడే కోల తగులుతుంది. గురువైతే పదహారుమందీ వరసగా వచ్చి తగిలిస్తారు. ఇది ఇంకా గొప్ప అనుకున్నాను.

చివరి పాట అయింది. యలమంద తాళాలు గుడి మెట్టు మీద పెట్టాడు. నడుము నుంచి కోలలు తీశాడు. కుడిచేతి పట్టు ఒకసారి చూసుకున్నాడు, మేము నేర్చుకున్నట్టే. వలయంలోంచి బయటికి అడుగు వేసి, బాపయ్య ఎదుట నిలబడ్డాడు.

బాపయ్య కోల సగం దాకా లేచింది.

బాపయ్య కుడివైపు ఉన్నవాడు బాపయ్య కోల వైపు చూస్తున్నాడు. ఎడమవైపు కుర్రాడు ఒక అడుగు వెనక్కి తీశాడు. ఎత్తిన కోలను బాపయ్య మెల్లగా దించి, దాంతో వీపు గోక్కున్నాడు.

"ఎండ ముదురుతుందయ్యా" అన్నారు రాఘవయ్యగారు అరుగు మీద నుంచి, మెత్తగా. "స్వామి ఎండలో ఉన్నాడు. గురువు కోపు వచ్చే ఏడు చూసుకుందాం. హారతి ఇచ్చెయ్యండి."

అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. గంట మోగింది. జనం పల్లకీ వైపు కదిలారు.

నాకు అప్పుడు అర్థమైంది. అరుగు మీద రాఘవయ్యగారి కోలలు ఉన్నాయి. వాటిని అందుకుని నేను వెళ్లి యలమంద ఎదుట నిలబడ్డాను. పంట్లాము వేసుకున్న పట్నంవాడు కోల పట్టుకుంటే జనం నవ్వుతారని తెలుసు. ఎవరూ నవ్వలేదు. యలమంద నా మొహం చూశాడు. నేను కోల ఎత్తాను. అతను కొట్టాడు. ఒక్క దెబ్బ. ఖంగున మోగింది. షెడ్డులో ఎప్పుడూ అంత బాగా మోగలేదు.

తర్వాత కోలలు తువ్వాల్లో దోపుకుని, తాళాలు తీసుకుని, పల్లకీ ముందుకి పాడుకుంటూ వెళ్లాడు.

మధ్యాహ్నం కల్యాణం అయ్యాక నన్ను బండి దాకా దిగబెట్టడానికి వచ్చాడు. ఏదో ఒకటి అనాలని నేనే అన్నాను: "గురుస్థానం ఇచ్చారు గదండీ. ఎంత గౌరవం!"

"అవునండీ. గౌరవమే." కొంచెం నడిచాక అన్నాడు: "గురువుకి జోడీ ఉండదండీ."

"మీ కోల మోగింది. నేను విన్నాను."

"మోగింది. కానీ మీరు ఆసుపత్రి మనిషి మేష్టారూ. మీరు కొట్టేది మందులాంటిది. అది ఈ లెక్కలోకి రాదు." నన్ను నొప్పించాననుకున్నాడేమో, వెంటనే, "మీ అడుగు మాత్రం బాగుపడిందండీ" అని నవ్వాడు.

ఊరి చివర బండి ఎక్కేటప్పుడు బాపయ్య వచ్చి చక్రం పట్టుకుని నిలబడ్డాడు. నేను మాట్లాడకుండా ఉండలేకపోయాను.

"ఆ జబ్బు అతని దగ్గర లేదండీ. పరీక్షల్లో తేలింది. మీకు చెప్పారు గదా?"

"తెలుసండీ. నాకు భయం లేదు. వాడితో చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నా." బండివాడికి వినపడకుండా గొంతు తగ్గించాడు. "నేను కొడతానండీ. కొట్టానంటే రేపటి నుంచి నాతో ఎవడు కొడతాడు? కోల ఒకడి దగ్గర ఆగదు గదండీ. నా నుంచి పక్కోడికి, వాడి నుంచి ఇంకోడికి, తిరగాలి. ఒక్కడు చెయ్యి తీస్తే వలయం నిలబడదు. అందుకని రాఘవయ్యగారూ మేమూ కూర్చుని ఆలోచించాం. వాణ్ణి బయట నిలబెట్టకుండా ఏం చెయ్యాలా అని. వాడికి మా అందరికన్నా ఎత్తు చోటిచ్చాం. మేం చేసింది తప్పంటారా?"

బండి కదిలింది. వాళ్లు కూర్చుని ఆలోచించి, మనసు నొప్పించకుండా చెయ్యగలిగిన దాంట్లో మంచిది ఎంచుకున్నారు. అంత మంచితనంతో మూసిన తలుపుని తట్టడం ఎలాగో నాకు ఏ శిక్షణలోనూ నేర్పలేదు.

ఆసుపత్రికి తిరిగి వచ్చాక డాక్టరుగారు, "ఎలా జరిగిందయ్యా?" అని అడిగారు.

"చెయ్యి బాగా పనిచేసిందండీ" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవారు.

ఈ కేసు తర్వాత మా షెడ్డులో ఒక పద్ధతి మారింది. ఇప్పుడు ఎవరినైనా "పని లేనప్పుడు ఏం చేసేవారు?" అని అడిగాక ఇంకో ప్రశ్న అడుగుతాను: "ఎవరితో?" ఆ మనిషిని కబురుపెట్టి పిలిపిస్తాను. ప్లాస్టర్ కట్టు ఉన్న వారాల్లోనే, గేటు బయట కాదు, షెడ్డులో కూర్చోబెడతాను. డాక్టరుగారు వచ్చి రోగి చేతిని తన చేతుల్లోకి తీసుకుని మాట్లాడతారు, వచ్చినవాళ్లు చూస్తారు. కొందరు రెండోసారి వచ్చినప్పుడు మజ్జిగ తాగుతారు. కొందరు రెండోసారి రారు. పులిజూదం ఆడే ఒకాయన ఊరి నుంచి వచ్చి, మా రోగితో ఆడి, ఓడి, కోపం వచ్చి పీట తన్నేసి వెళ్లాడు. దాన్ని మేము పెద్ద విజయంగా లెక్కేసుకున్నాం. ఒక మనిషి వేళ్లు కోసి కుట్టడానికి పూట చాలు. అతని ఎదుట నిలబడే మనిషిని తయారుచెయ్యడం మొదలుపెట్టాల్సింది కూడా ఆ పూటే. నాకది తెలిసేటప్పటికి యలమంద ఇంటికి వెళ్లిపోయాడు.

అతను పరీక్షకు వచ్చినప్పుడల్లా వేళ్లు కొలుస్తున్నాను. వంపులు చెక్కుచెదరలేదు. మిరప బాగా పండుతోంది. నవమికి పాటెవరు పాడతారంటే ఆ చుట్టుపక్కల నాలుగూళ్లవాళ్లూ అతని పేరే చెబుతారు. కోలలు ఆడుతున్నారా అని ఒకసారే అడిగాను. "పాడుతున్నాగా" అన్నాడు.

ఈ ఏడు నవమి వెళ్లాక పర్చూరు సంతలో బాపయ్య కనిపించాడు. వచ్చే ఏడు చూసుకుందామన్న గురువు కోపు సంగతి అడిగాను. "అది ఇప్పుడు ఆడటం లేదండీ. పాతకాలంది గదా, పిల్లలకి రాదు" అన్నాడు, పచ్చిమిర్చి బేరం చేస్తూ, నా వైపు చూడకుండా. యలమందను ఒక్కణ్ణి వదిలిపెట్టినట్టు ఉండకూడదని, ఊరు మొత్తం తన కోపును వదిలేసుకుంది.

అతను గురువయ్యాక జరిగిన నవములు నాలుగు. గురువు కోపులు సున్నా.